భద్రు బండికి వేసిన ముందు బ్రేకు

జనగామ బస్టాండు పక్క సందులో నేను మోటారు సైకిళ్లు బాగుచేసిన షాపు ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం. షట్టరు దించి రెండేళ్లయింది. అయినా పొద్దున తొమ్మిది కాగానే కాళ్లు అటే లాగుతాయి. పోయి ఎదురుగా చాయ్ బండి దగ్గర కూర్చుంటాను. వచ్చే పోయే బండ్ల చప్పుడు వింటాను. ఇప్పటి బండ్లన్నీ ఒకే తీరుగా గొణుగుతాయి. పాత టూ స్ట్రోకు బండి చప్పుడు నెలకొకసారి కూడా వినిపించదు. ఎప్పుడైనా రైల్వే గేటు అవతల అలాంటిదొకటి మోగితే, చేతిలో చాయ్ చల్లారేదాకా అటే చూస్తుంటాను.

మెకానిక్ పనిలో కొత్తగా చేరిన పిల్లలు వచ్చి పక్కన కూర్చుంటారు. "యాదగిరన్నా, పాత బండికి వేరే బండ్ల సామాను ఎట్ల ఎక్కియ్యాలె? జర చెప్పు" అని అడుగుతారు. ఎక్కించే పద్ధతి చెప్పడానికి ఒక పూట చాలు. తొందరపడి ఒకసారి ఏం ఎక్కించానో, దానికి ఎవరు ఏం పోగొట్టుకున్నారో వీళ్లకు చెప్పడానికి మాత్రం ఇన్నేళ్లూ నోరు రాలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

ఉస్తాద్, ఒక మేనేజరు

మా నాయిన నర్మెట్ట దగ్గర ఊళ్లో కమ్మరి. ట్రాక్టర్లు వచ్చి నాగళ్లు మూలపడ్డాక కొలిమికి పని తగ్గింది. నన్ను తీసుకెళ్లి వరంగల్‌లో ఖాసిం ఉస్తాద్ చేతిలో పెట్టాడు. ఉస్తాద్ నోరు చెడ్డది, చెయ్యి మంచిది. పొడుగు స్క్రూడ్రైవరు కొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, లోపల ఏ బేరింగు ఏడుస్తోందో చెప్పేవాడు.

పని కొంచెం వచ్చాక ఒక పాలాయన బండికి పెద్ద మోడలు కార్బొరేటరు ఎక్కించాను. బండి బాణంలా పోయింది. పాలాయన మురిసిపోయాడు, నేను ఇంకా మురిసిపోయాను. ఉస్తాద్ రెండు పాల క్యాన్లలో నీళ్లు నింపి బండికి కట్టించి, వెనుక తనెక్కి, నన్ను నడపమన్నాడు. కాజీపేట రోడ్డు మీద ఉన్నట్టుండి "రోక్!" అని అరిచాడు. బ్రేకు తొక్కాను. బండి ఆగింది కానీ, ఆయన అరిచిన చోటుకు చాలా దూరంలో ఆగింది. దిగి, ఆ దూరమంతా నడిచి వెనక్కి పోయి, అక్కడ నిలబడి అన్నాడు:

"అరే యాద్గిరీ, గీడ పోరడు అడ్డమొస్తె ఏం జేస్తవ్? ఉరుకుడు పెంచినవ్, ఆపుడు పెంచినవా? ముందుగాల ఆపుడు జూడు."

ఆ మాట నోటికొచ్చింది. నేను తర్వాత చాలామందికి అప్పజెప్పాను కూడా. నోటికొచ్చినంత మాత్రాన చేతికి రాదని అప్పుడు తెలియదు.

తర్వాత హనుమకొండలో ఒక షోరూములో ఏడాది చేశాను. అక్కడి మేనేజరు కోస్తా నుంచి వచ్చినవాడు. నేను "గిది అరిగింది సార్" అంటే పదిమంది ముందు "గిదా? ఏది, గిదా?" అని సాగదీసి నవ్వించేవాడు. కడుపు మండి మానేశాను. కానీ నిజం చెప్పుకోవాలి. పని చేసిన ప్రతి నట్టునూ ఇంకోసారి బిగించి చూడనిదే ఆయన బండిని గేటు దాటనిచ్చేవాడు కాదు. ఆ మనిషి మీద కోపంతో ఆ మంచి అలవాటును కూడా అక్కడే వదిలేసి వచ్చాను. నచ్చని మనిషి దగ్గర కూడా పని నేర్చుకోవచ్చు. నేను నేర్చుకోలేదు.

ఒకదాని సామాను ఇంకోదానికి

జనగామలో సొంతంగా షాపు పెట్టాక నా పేరు ఈ పనికే నిలబడింది. కంపెనీలు పాత మోడళ్లు ఆపేసేవి, సామాను దొరికేది కాదు. రైతులు, టీచర్లు బండ్లను వదులుకోలేరు. అందుకని చచ్చిన బండి షాకబ్జర్లు బతికున్న బండికి, ఒకదాని చైన్ పళ్లచక్రం ఇంకోదానికి. అంగడికి బియ్యం బస్తాలు మోసే బండికి బరువు లాగే పళ్లచక్రం వేస్తే వేగం తగ్గేది, బలం పెరిగేది. కొలిచి, అరగదీసి, బుష్ కొట్టి, కూర్చోబెట్టేవాణ్ని. రెండు మోడళ్ల ఇనుము ఒకదానిలో ఒకటి ఇమిడినప్పుడు వచ్చే చిన్న 'టక్' చప్పుడు వినడానికి మధ్యాహ్నం అన్నం కూడా మరిచిపోయేవాణ్ని.

ఇందులో అందం కోసం చేసే పని ఎక్కువ రోజులు నిలవదు. ఎవరికో అవసరమై చేసిన పనే నిలుస్తుంది. నాకు దొరికిన అన్నిటికంటే పెద్ద అవసరం భద్రుది.

భద్రు

తెలంగాణ ఉద్యమం ఊరూరా అంటుకున్న రోజులు. మానుకోట దగ్గర తండా నుంచి ఒకాయన పాత వంద సీసీ టూ స్ట్రోకు బండి మీద వచ్చాడు. సన్నటి మనిషి. హ్యాండిలుకు మైకు గొట్టం, వెనుక ఆంప్లిఫయరు పెట్టె, పక్కన సంచిలో కంజీర. పేరు భద్రు నాయక్. మిరప తోట చేసుకుంటూ, ధూంధాం సభల్లో పాడుతుండేవాడు.

"అన్నా, పాట నడుమల మైకు సచ్చిపోతాంది. బ్యాటరీ ఆగుతలేదు" అన్నాడు. "నా పెండ్లాం కమిలి అంటది, నీ గొంతుకు మైకెందుకని. ఇంట్ల అయితె అక్కర్లేదు గని, అంగట్ల నాలుగు వేల మంది కూసుంటాన్రు."

పాత బండిలో కరెంటు పుట్టించే కాయిలు చిన్నది. కొత్త మోడలు ఇంజన్లోంచి పెద్ద కాయిలు ప్లేటు తీసి దీనికి ఎక్కించాను. మూడు చోట్ల అరగదీయాల్సి వచ్చింది. పెద్ద బ్యాటరీ పెట్టాను. బరువు మోయడానికి ఇంకో బండి షాకబ్జర్లు వేశాను. దారిలో బ్యాటరీ నిండేది, ఊరికి పోయాక బండి ఆపి పాడుకోవచ్చు.

పరీక్షకని షాపు ముందే మైకు పట్టుకున్నాడు. పత్తి మార్కెట్‌కు పోతున్న ఎడ్ల బండ్లు ఆగాయి. బస్సు దిగినవాళ్లు సందులోకి వచ్చారు. తెలుగులో రెండు పాటలు పాడి, ఆఖర్న తన లంబాడా భాషలో ఒకటి అందుకున్నాడు. ఒక్క మాట అర్థం కాలేదు నాకు. చేతులకు గ్రీజుతో అట్లాగే నిలబడిపోయాను. నేను ఎక్కించిన కాయిలు కరెంటు ఆ గొంతులో కలిసి పోతోందని అనుకుంటే ఒళ్లు జలదరించింది.

ఆ తర్వాత పదిరోజులకోసారి వచ్చేవాడు. బండికి పనుంటే పని, లేకుంటే మాటలు. మా ఇంట్లోనే తినేవాడు. మా రేణుక జొన్నరొట్టె పెడితే "అక్కా, కమిలికి చెప్పకు గని నీ రొట్టెనే మెత్తగుంటది" అనేవాడు. షాపు మూసి నేనూ అప్పుడప్పుడు వెనుక కూర్చుని పోయేవాణ్ని. హైవే మీద వంటావార్పు జరిగిన రోజు, నడిరోడ్డు మీద రాళ్లు పెట్టి అన్నం వండుతుంటే, భద్రు బండి సీటు మీద నిలబడి పాడాడు. లాయర్లూ కూలీలూ ఒకే వరుసలో కూర్చుని తిన్నారు. మా మాట విని ఎవరూ నవ్వని రోజు వస్తుందని ఆ వరుసలో కూర్చుని మొదటిసారి నమ్మాను. అట్లా నమ్మిన ఆనాటి నన్ను ఇప్పుడు నేనే వెతుక్కుంటున్నాను.

కరెంటు లేని రోజు

సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి. హైదరాబాద్ నుంచి సామాను రావడం లేదు. భూపాలపల్లిలో బొగ్గు బాయిలు ఆగడంతో కరెంటు కోతలు పెరిగాయి. ఆ బాయి కార్మికుల సభలోనే భద్రు మర్నాడు పాడాలి. అక్కడి నుంచి గోదావరి ఒడ్డున మహదేవపూర్ అవతలి పల్లెకు పోవాలి. పోయే ముందు బండి చూపించడానికి వచ్చాడు.

ముందు చక్రం విప్పితే బ్రేకు డ్రమ్ము పగిలి ఉంది. ఆ మోడలు డ్రమ్ము జనగామలో ఎక్కడా లేదు. నా దగ్గర బరువైన ఇంకో బండి ముందు చక్రం ఉంది, దాని బ్రేకు ఇంకా పెద్దది. చక్రం ఎక్కింది. ఒక్కటే చిక్కు. బ్రేకు షూలు ఉండే ప్లేటు చక్రంతో పాటు తిరగకుండా, ఫోర్కుకు ఉండే ఒక ముక్క దాన్ని పట్టి ఉంచాలి. ఈ రెండు మోడళ్లకూ ఆ ముక్క కలవలేదు. కొత్తది వెల్డింగు చేయాలి.

పొద్దుటి నుంచి కరెంటు లేదు. మధ్యాహ్నం మూడు దాకా చూశాం. గ్యాస్ వెల్డింగు చేసేవాడు ఊరేగింపులో ఉన్నాడు. చివరికి ఒక ఇనుప పట్టీకి చేతి డ్రిల్లుతో రంధ్రం చేసి, ఒకే ఒక్క బోల్టుతో ప్లేటును ఫోర్కుకు బిగించాను. నాలుగు రోజులు ఆగుతుందనుకున్నాను. ఆ బోల్టు ఆ బరువుకు చాలదని నా చేతికి తెలుసు.

"అయిందా అన్నా?" అన్నాడు.

"అయింది. పో" అన్నాను.

అంతే చెప్పాను. మెల్లగా పో అనలేదు, ఇది తాత్కాలికం అనలేదు. చెబితే ఆగిపోతాడు, బాయి కార్మికులకు పాట అందదు అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది సగం నిజమే. నా పని సగంలో ఉందని అతని ముందు ఒప్పుకోవడానికి నామోషీ అయింది. అది మిగతా సగం.

బ్రేకు పట్టి చూసి నవ్వాడు. "గోడకు గుద్దినట్టు ఆగుతాంది అన్నా!"

భూపాలపల్లిలో రెండు రోజులు పాడాడు. మూడో రోజు పొద్దున మహదేవపూర్ దారిలో, అడవిలో ఒక దిగుడు దగ్గర బర్రెలు అడ్డం వచ్చాయి. బ్రేకు పట్టాడు. బోల్టు తెగింది. ప్లేటు గిర్రున తిరిగి చక్రం పట్టేసింది. బరువంతా మీద పడి ఎడమ మోకాలు చితికింది.

బొగ్గుబాయి కార్మికులు బండిని ఒక వ్యానులో నా షాపుకు పంపారు. రెండు ముక్కలైన బోల్టు చూసి, ఆ పక్కనే నేల మీద కూర్చున్నాను.

దవాఖాన

వరంగల్ దవాఖానకు పోయాను. మంచం పక్కన కమిలి కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి స్టూలు జరిపింది.

"బర్లు అడ్డమొచ్చినయ్ అన్నా" అన్నాడు భద్రు. "బండికేం గాలె గద?"

"ఏం గాలె" అన్నాను.

చెప్పడానికే పోయాను. కమిలి గ్లాసులో చాయ్ పోసి ఇచ్చింది. ఆ చాయ్ తాగుతూ చెప్పలేకపోయాను. "మల్ల వస్త" అని లేచాను.

మళ్లీ పోలేదు. కరెంటు వచ్చాక వెల్డింగు గట్టిగా చేసి, బండిని వేరేవాళ్ల చేత తండాకు పంపించాను. మోకాలు ఇక వంగదని, బండి నడపడం లేదని, సభలకు పోవడం లేదని విన్నాను. ఒకసారి రైలెక్కి మానుకోటలో దిగాను. మిరప మార్కెట్ దాకా నడిచాను. అక్కడి నుంచి తండాకు ఆటోలు పోతాయి. ఒక ఆటో నిండింది, పోయింది. ఇంకోటి నిండింది, పోయింది. తర్వాతి రైలుకు వెనక్కి వచ్చేశాను.

షాపులో పని చేస్తుంటే దూరంగా టూ స్ట్రోకు చప్పుడు వచ్చేది. పాన పక్కన పెట్టి సందు మొదటి దాకా పోయేవాణ్ని. ఎవరో పోతుండేవారు. మూడేళ్లు అట్లాగే గడిచాయి.

రాష్ట్రం వచ్చిన మర్నాడు

తెలంగాణ వచ్చిన రోజు జనగామ చౌరస్తా గులాల్‌తో గులాబీ అయింది. బస్సులు ఆపి మరీ ఆడారు. నేను ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాను. రేణుక తలంతా రంగుతో వచ్చింది.

"గింత సంబురంల నీ మొకమేంది గట్లుంది?"

అప్పుడు చెప్పాను. బోల్టు నుంచి మానుకోట మార్కెట్ దాకా మొత్తం. ఆమె నిలబడే విన్నది.

"నాకైతె చెప్పినవ్. గాయినకెప్పుడు చెప్తవ్?"

మర్నాడు పొద్దుటి రైలుకు పోయాను. ఈసారి మొదటి ఆటోలోనే ఎక్కాను.

భద్రు వాకిట్లో మంచం మీద, ఎడమ కాలు నిలువుగా చాపి, మిరపకాయలు ఎండబోసే టార్పాలిన్ చిరుగులు కుడుతున్నాడు. జుట్టు బాగా నెరిసింది. నన్ను చూసి సూది ఆపాడు. నేను కూర్చోకుండానే చెప్పేశాను. "బర్లు కాదు భద్రూ. బోల్టు. అది ఆగదని నాకెరుకనే. చెప్పకుండ పంపిన."

మళ్లీ కుట్టడం మొదలుపెట్టాడు. ఒక చిరుగు పూర్తి చేశాక అన్నాడు: "ఎరుకే అన్నా. కింద వడ్డప్పుడు బండి నా పక్కనే వడ్డది. ప్లేటు తిరిగిపోయి కనవడుతనే ఉండె."

"మరి దవాఖానల బర్లన్నవ్?"

"బర్లు గూడ వచ్చినయ్ గద." కొంచెం నవ్వాడు. తర్వాత నవ్వు పోయింది. "నువ్వే చెప్తవని చూసిన. మల్ల వస్తనంటివి. మోకాలు పోతే పోనీ అనుకున్న. ఏ బండి మోగినా నువ్వే అనుకున్న అన్నా."

కమిలి గుమ్మంలో నిలబడి అంతా వింటోంది. నీళ్ల చెంబు నా చేతికిస్తూ అన్నది: "తెలంగాణ వచ్చింది గని నువ్వు రాకపోతివి."

కాజీపేట రోడ్డు మీద ఉస్తాద్ మొదలు ఆ రోజు దాకా నన్ను తిట్టినవాళ్లు చాలామంది ఉన్నారు. ఎవరి తిట్టూ అంత లోపలికి దిగలేదు. చెంబు పట్టుకుని ఏడ్చాను.

మళ్లీ ఒకసారి

బండి కొట్టంలో గోనెసంచుల కింద ఉంది. జనగామకు తెచ్చాను. భద్రూ వచ్చి మా ఇంట్లో వారం ఉన్నాడు. అతని ఎడమ కాలు వంగదు. మామూలు బండికి గేరు ఉండే చోటికి పాదం పోదు. కాళ్లు ముందుకు చాపుకుని నడిపే పొడుగు బండ్లు కొన్ని ఉంటాయి. అలాంటిదొకటి పాత సామాను కొట్లో దొరికితే దాని ముందు ఫుట్‌రెస్టూ, గేరు పెడలూ, పొడుగాటి గేరు కడ్డీ తీసి దీనికి ఎక్కించాను. చాపిన కాలు చాపినట్టే ఉండి, మడమ కదిపితే గేరు పడుతుంది. కిక్కు కుడి వైపే కాబట్టి ఇబ్బంది లేదు.

ప్రతి వెల్డింగునూ అతనే వంగి చూశాడు. "గిది దేనికి? గిది తెగితె ఏమైతది?" అని అడిగాడు. ఒక్కోదాన్నీ విప్పి చూపించి మళ్లీ బిగించాను. పిల్లలూ, బండి ఎక్కేది మీరు కాదు. ఏది గట్టిది, ఏది కాదు అని ఎక్కేవాడికి చెప్పండి. చెప్పడానికి సిగ్గయితే ఆ పని ఇంకా పూర్తి కాలేదని అర్థం. నా మొత్తం అనుభవంలో మీకు ఇవ్వదగ్గది ఇదొక్కటే ఉంది.

బండి సిద్ధమయ్యాక తండాకే పోతాడనుకున్నాను.

"ఎక్కు అన్నా" అన్నాడు. "మహదేవపూర్ పోదాం. గా ఊరోళ్లకు వస్తనని చెప్పిన."

"మూడేండ్లయింది భద్రూ. తెలంగాణ గూడ వచ్చె. ఇప్పుడేం పాడుతవ్?"

"పోయినంక చూద్దాం."

పరకాల మీదుగా భూపాలపల్లి, అక్కడి నుంచి అడవి దారి. దిగుడు వచ్చినప్పుడు అతని భుజం బిగుసుకోవడం నా చేతికి తెలిసింది. నేను కళ్లు మూసుకున్నాను. బ్రేకు పట్టాడు, బండి మెల్లగా దిగింది.

సాయంత్రానికి గోదావరి ఒడ్డున పల్లె చేరాం. వరి మడి దున్ని వస్తున్న ఒకాయన గుర్తుపట్టాడు. "మానుకోట పాటగాడివి గాదు? గప్పుడు రాకపోతివి. అందరం కూసొని చూసినం." కబురు పంపితే ఎనిమిది మంది వచ్చారు. అందులో ఇద్దరు ముసలమ్మలు. ఉద్యమం పాటలు ఎవరూ అడగలేదు. మైకు కూడా విప్పలేదు. భద్రు ఒక మొద్దు మీద కాలు చాపుకుని కూర్చుని, లంబాడా భాషలో ఏదో అందుకున్నాడు. మొదట గొంతు జీరబోయింది. మూడేళ్లు పాడని గొంతు అది. రెండో చరణానికి తోవ దొరికింది. నాకెప్పటిలాగే ఒక్క మాటా అర్థం కాలేదు. ముసలమ్మ ఒకామె నన్ను తట్టి "ఏమంటాండు బిడ్డా?" అని అడిగింది.

"నాకూ తెల్వదు అవ్వా" అన్నాను.

"మంచిగంటాండు" అని చెంగుతో కళ్లు తుడుచుకున్నది.

ఆ తర్వాత భద్రు ఎక్కడా సభలో పాడలేదు. పిలిచేవాళ్లూ లేరు. ఏడాదికోసారి మిరపకాయలు తీసుకుని మా ఇంటికి వస్తాడు, ఇప్పుడు కొడుకు ఆటోలో. ఆ బండి ఇంజను చచ్చి చాలా కాలమైంది. ముప్పై అయిదేళ్ల పనిలోంచి ఒక్క పూట వెనక్కి ఇస్తామంటే, నేను ఆ గోదావరి ఒడ్డు సాయంత్రమే అడుగుతాను. అర్థం కాకపోయినా సరే, ఆ పాట ఇంకోసారి మొదటి నుంచి వింటాను.